రెండో సాక్షి

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. పిల్లదాని దగ్గు తగ్గింది, మీ బావగారి మోకాలు మాత్రం తగ్గనని మొండికేసింది. మరదలి ఒంట్లో ఎలా ఉందో నువ్వు రాయలేదు. ఈసారి మరవకు.

నీ ఉత్తరంలో మూడు ప్రశ్నలున్నాయి. నాన్న కళ్ళద్దాల షాపులో సామాను ఏం చేశావన్నావు. పక్క వీధి షాపాయన తీసుకెళ్ళాడు. అద్దాలు అరగదీసే యంత్రం మాత్రం పిన్ని ఇవ్వనంది. అమ్మ పోయాక ఆ యంత్రం మీద పనికే కదా వచ్చింది, వచ్చి నాన్నకి తోడుగా పద్నాలుగేళ్ళు ఉండిపోయింది. ఆవిణ్ణి పిన్నీ అని ముందు పిలిచింది నువ్వే. నాకు నోరు తిరగడానికి ఏడాది పట్టింది.

రెండోది, పిన్ని ఎలా ఉందని. చెబుతాను. మూడోది, షాపూ పైన రెండు గదులూ పిన్నికే అని నాన్న వీలునామా రాశాక అది చెల్లకపోవడమేమిటని, అంత జాగ్రత్త మనిషి ఎలా పొరపడ్డాడని.

పోయిన నెల పిన్నీ నేనూ లాయరుగారి దగ్గరికి వెళ్ళాం. ఆయన కాగితం తిరగేసి, రెండో సాక్షి సంతకం మీద వేలు ఆనించి, "ఇదెవరిదమ్మా?" అన్నారు.

"నాదేనండీ," అంది పిన్ని, బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు.

"ఆస్తి పుచ్చుకునే మనిషే సాక్షి సంతకం పెడితే, ఆ మనిషికి రాసింది చెల్లదమ్మా. పెళ్ళి కూడా జరగలేదంటున్నారు. ఇక ఇల్లు పిల్లలిద్దరిదే. తెలిసినవాళ్ళని ఒక్కమాట అడక్కపోయారా?"

"మా అమ్మాయి పక్కనే ఉందండీ. పాపం, దానికి మాత్రం ఏం తెలుసు?"

ఆయన నా వైపు తిరిగి, ఏం చేస్తుంటారని అడిగారు. ప్రెస్సులో పని అన్నాను.

మెట్లు దిగుతూ పిన్ని తన చేతిని తనే కొట్టుకుంది. "ఈ చెయ్యి పడిపోనూ! ఆయన రాసిందాన్ని నేనే గీకి పాడుచేశాను."

"ఊరుకో పిన్నీ, నీకేం తెలుసు," అని భుజం నిమిరాను. ఆవిడ నా చెయ్యి వదల్లేదు. వీధి చివరిదాకా పట్టుకునే నడిచింది.

తమ్ముడూ, నేను ప్రెస్సులో దిద్దేది లా పుస్తకాల ప్రూఫులని నీకు తెలుసు. వీలునామాల అధ్యాయం రెండుసార్లు దిద్దాను. ఆపరేషనుకి వెళ్ళే ముందు నాన్న నన్ను పిలిపించింది అందుకే. "నీకివన్నీ కంఠతా కదా, తప్పుంటే చెప్పు," అన్నాడు. పక్క కొట్టు దర్జీ మొదటి సాక్షి. రెండో సాక్షిగా రావలసిన ఎదురింటి మాస్టారు ఎంతకీ రాలేదు. "గుండీ కుట్టినంతసేపు పట్టని పనికి ఈ కాపలా ఏమిటండీ," అని దర్జీ సణుగుడు. మాస్టారు వచ్చేదాకా ఆగుదామన్నాడు నాన్న.

"ఎందుకు నాన్నా, పిన్ని ఉందిగా," అన్నాను నేను.

ఆ క్షణంలో ఆ నిబంధన నాకు గుర్తుందా? నెల రోజులుగా నన్ను నేను అడుగుతున్నాను. గుర్తులేదని నమ్మిన పూట నాలుగు ముద్దలు దిగుతున్నాయి. కానీ గుర్తులేకపోతే, "నేను పెట్టొచ్చా అమ్మాయ్?" అని ఆవిడ అడిగినప్పుడు గుండె ఎందుకలా కొట్టుకుంది? పెట్టు అన్నాను. ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాను. ఆవిడ ఒక్కో అక్షరం దిద్దినట్టు రాస్తుంటే, కాగితం కదలకుండా పట్టుకున్నాను.

ఆ తరవాత నాన్న ఐదు నెలలు బతికాడు. ప్రతి ఆదివారం వెళ్ళాను. ఒక్క కాగితం తిరగరాస్తే సరిపోయేది. మాట నోటిదాకా వచ్చేది. ఆవిడేమో అమ్మ కుర్చీలో కూర్చుని నాన్నకి పేపరు చదివి వినిపిస్తూ ఉండేది. మింగేసేదాన్ని. ఇదంతా అమ్మ కోసమని సర్దిచెప్పుకున్నాను. అమ్మే ఉంటే ఇలాంటి పని చేసేది కాదు. ఇల్లు కూడా కావాలి నాకు, అదీ నిజమే.

పిన్ని ఎలా ఉందన్నావు కదా. ఇంట్లో ఏ వస్తువు ఎవరిదో చీటీలు రాసి అతికిస్తోంది, మనిద్దరం పోట్లాడుకోకూడదట. ఎక్కడికి వెళ్తావంటే, "చేతిలో పనుంది, ఎవరైనా ఇంత తిండి పెట్టకపోతారా," అంది. చూపు తగ్గిన సంగతి మాత్రం చెప్పలేదు. చీటీల మీద అక్షరాలు ఒకదాని మీదొకటి పడుతున్నాయి.

లాయరుగారు పట్టుబట్టి రెండు కాగితాలు పంపమన్నారు, పంపుతున్నాను. ఒకటి, వారసులుగా ఇల్లు మనమే తీసుకుంటున్నామని. ఇంకోటి, మన హక్కు వదులుకుని పిన్నికే ఇస్తున్నామని. దానికి ఇద్దరి సంతకాలూ ఉండాలి. మొదటిదాని మీద నేను పెట్టేశాను. రెండోది ఖాళీగానే ఉంది. దాని మీద నువ్వు పెడితే నేనూ పెడతానని నీకు రాయాలనుకున్నాను. రాయడం లేదు. నువ్వు పెట్టేస్తావేమోనని భయం.

ఇట్లు,
మీ అక్క