బుగ్గలు తీసిన చేపలు

విస్కాన్సిన్ నది ఒడ్డు నుంచి,
నవంబరు 23, 1996

ప్రియమైన ఫ్లోరియన్ అన్నయ్యకు,

నీ చెల్లెలు లియోనా రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ బావ నార్బర్టూ బాగానే ఉన్నాం. తిండికీ నిద్రకూ లోటు లేదు. అరిజోనా పొడిగాలి నీ ఊపిరితిత్తులకు పడిందనీ, మెట్లెక్కినా ఆయాసం రావడం లేదనీ రాశావు. చదివి మనసు కుదుటపడింది. ఇక్కడ మొన్న మొదటి మంచు పడింది. నిలవలేదు, బురదై పోయింది.

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. మా దుకాణంలో, అమ్మే ఎరచేపల తొట్టి పైన మేకుకు తగిలించి రోజూ చూస్తున్నాను. జవాబు రాలేదని తిట్టుకుని ఉంటావు. నువ్వు మూడు ప్రశ్నలు అడిగావు. రెండింటికైతే ఆ రోజే రాసేదాన్ని. మూడోదానికే చేయి ఆడలేదు.

మొదటిది, నార్బర్ట్ మోకాలు. ఆగస్టులో ఆపరేషన్ అయింది. ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నాడు. నడవగలిగినా సూప్ గిన్నె మాత్రం కుర్చీ దగ్గరికే రావాలంటాడు. "డాక్టరు చెప్పాడు" అంటాడు. ఏ డాక్టరు చెప్పాడో ఆయనకే తెలియాలి.

రెండోది, బాస్ చేపలు. జూన్ మొదటి వారానికే వంతెన కింది బండల దగ్గరికి చేరాయి. ఈ ఏడాది నీళ్ళు బాగా తేటగా ఉన్నాయి. రాళ్ళ కింద తిరిగే రొయ్యలు పై నుంచే కనిపించేవి. జూలైలో ఒక పొద్దున నేనొక్కదాన్నే పడవ వేసుకుని వెళ్ళి, నీళ్ళ మీద తేలే చెక్క కప్ప ఎరను ఆ బండల పక్కకు విసిరాను. పందొమ్మిది అంగుళాల బాస్ దాన్ని అందుకుని మూడుసార్లు గాల్లోకి లేచింది. ఇంకో ఏడాదైతే ఆ సాయంత్రమే నీకు నాలుగు పేజీల ఉత్తరం రాసేదాన్ని. ఈసారి దాని నోట్లోంచి గాలం తీసి వదిలేశాక చేతులు కడుక్కున్నాను. మళ్ళీ కడుక్కున్నాను. చేపను ముట్టుకుంటే ఒళ్ళు జలదరిస్తోంది అన్నయ్యా. నడక వచ్చిన నాటి నుంచీ ఈ నది మీద బతికినదాన్ని, నాకు చేప వాసన అసహ్యమైంది. ఎందుకో చెబితేనే నీ మూడో ప్రశ్నకు జవాబు వస్తుంది.

"ఎర్విన్‌ను పట్టించిన పిరికివెధవ ఎవడో కనుక్కుని రాయి. పేరు తెలిస్తే చాలు, మిగతాది నేను చూసుకుంటాను" అని రాశావు. ఎర్విన్ నీకు చిన్ననాటి నుంచీ ప్రాణస్నేహితుడు. అతను ఫోన్‌లో నీకేం చెప్పాడో నాకు తెలియదు. నేను చూసింది చెబుతాను.

ఏప్రిల్ రెండో వారం. మంచుగడ్డలు కొట్టుకుపోయి నీళ్ళు మట్టిరంగులో ఉన్నాయి. వాలై చేపలు గుడ్లు పెట్టడానికి ఎదురెక్కి ఆనకట్ట కిందికి చేరే రోజులు. పడవలు ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయి. దుకాణంలో ఎరచేపలు చాలక, నేను కంకర గుంటల వెనక ఉన్న పాయలో వల బుట్టలు వేయడానికి వెళ్ళాను. అక్కడికి ఎవరూ పోరు. తుప్పల దగ్గరికి వెళ్ళేసరికి వాసన మొహాన కొట్టింది. దాణా బస్తాలు నాలుగు. ఒకటి చిరిగి ఉంది. అందులోంచి వాలై తలలు బయటికి చూస్తున్నాయి. వాటి గాజుకళ్ళు నీకు తెలుసుగా, చచ్చినా వెలుగుతూనే ఉంటాయి. కండలు కోసేసుకుని మిగతాది పారేశారు. అన్నీ పెద్ద ఆడచేపలే. కడుపులో గుడ్లు అలాగే ఉన్నాయి, పసుపుపచ్చగా ముద్దలు ముద్దలుగా, వాటి మీద ఈగలు. ఒక బస్తా బోర్లించి కర్రతో లెక్కపెట్టాను. నలభై ఒకటి దగ్గర ఆగి పక్కకు వెళ్ళి కక్కుకున్నాను.

మనిషికి రోజుకు ఐదు చేపలు. ఆ నియమం పెట్టమని ఊరూరా తిరిగి సంతకాలు తెచ్చిన ముగ్గురిలో నువ్వొకడివి, ఎర్విన్ ఒకడు.

వాంతి తగ్గాక మళ్ళీ చూశాను. ప్రతి తలకూ రెండు వైపులా బుగ్గలు గుండ్రంగా కోసి తీశారు, కత్తి ఒక్క తిప్పుతో, నాణెమంత. వాలైలో అన్నిటికంటే రుచి ఆ బుగ్గలదే అని మనకు చెప్పిందెవరు? ఆ కోత మనకు నేర్పిందెవరు? నేను ఎన్నేళ్ళ నుంచి కోస్తున్నా నా చేతికి అంత గుండ్రంగా రాదు. ఈ నది మీద ఆ చెయ్యి ఒక్కడిదే.

ఆ మధ్యాహ్నమే ఎర్విన్ షెడ్డుకు వెళ్ళాను. కత్తి నూరుకుంటున్నాడు.

"కంకర గుంటల వెనక నీ బస్తాలు కుళ్ళుతున్నాయి, ఎర్విన్ అన్నా" అన్నాను.

తల ఎత్తలేదు. "నావని రాసిపెట్టి ఉందా వాటిమీద?"

"ఉంది. బుగ్గల మీద."

అప్పుడు నవ్వాడు. "నీ కళ్ళు మీ అన్న కళ్ళే. సర్లేవే, హైవే పక్క హోటల్ వాడు శుక్రవారం వేపుడుకి వాలై కావాలని ప్రాణం తీస్తున్నాడు. కెనడా నుంచి వచ్చే గడ్డకట్టిన ముక్కలు జనం తినట్లేదంట. ఈ ఒక్క వసంతమే."

"గుడ్లతో ఉన్నవాటినా? అవి పెట్టకుండా పోతే ఇంక నదిలో ఏముంటుంది?"

"నదికేం తక్కువే? నేను పుట్టకముందు నుంచీ పారుతోంది. ఇంటికెళ్ళి నీ తొట్లు కడుక్కో."

ఇంకెప్పుడూ చేయనని చివరికి మాట ఇచ్చాడు. చెయ్యి కలిపాడు. ఆ చెయ్యి జిగటగా ఉంది. నేను నోరు మూసుకుని ఇంటికి వచ్చేశాను.

వేసవిలో అతను మిల్వాకీ నుంచి వచ్చేవాళ్ళను బాస్ వేటకు తీసుకెళ్ళేవాడు కదా. జూలైలో ఒక దంపతులను వెంటపెట్టుకుని దుకాణానికి వచ్చాడు. నా ఎదురుగానే వాళ్ళకు పాఠం. "చేపను తడిచేత్తో పట్టుకోవాలమ్మా. పొడిచేత్తో పట్టుకుంటే దాని ఒంటిమీద జిగురు పోతుంది, రోగమొస్తుంది. నది మనకిచ్చింది కాదు, మన మనవళ్ళది." ఆవిడ కళ్ళు చెమర్చాయి. "ఎంత మంచి మాట అన్నారండీ" అంది. నేను ఎరచేపల డబ్బా అందిస్తూ అతని మొహంలోకి చూశాను. కన్ను గీటాడు అన్నయ్యా. అతని అబద్ధంలో నాకూ వాటా ఉన్నట్టు కన్ను గీటాడు. ఆ రోజు నేను అన్నం ముట్టలేదు.

అక్టోబరులో నీళ్ళు చల్లబడి, వాలైలు మళ్ళీ ఆనకట్ట కింది లోతు గుంటలో గుమిగూడాయి. ఒక మధ్యాహ్నం కావాలనే కంకర గుంటల వైపు వెళ్ళాను. కొత్త బస్తాలు మూడు. ఈసారి దాచే ప్రయత్నం కూడా లేదు, దారి పక్కనే పడేశాడు. బుగ్గలు మాత్రం శుభ్రంగా తీసుకున్నాడు.

తిన్నగా దుకాణానికి వచ్చి చేపల వార్డెన్‌కు ఫోన్ చేశాను. నువ్వు వెతుకుతున్న పిరికివెధవను నేనే అన్నయ్యా. ఆ ఫోన్‌లో నా పేరు చెప్పాను, ఇంటిపేరు కూడా చెప్పాను, కాబట్టి పిరికి అన్న మాట ఒక్కటి వెనక్కి తీసుకో. మిగతాది నీ ఇష్టం.

వార్డెన్ మార్లా అని కొత్తగా వచ్చిన అమ్మాయి. ఐదు రోజులు తుప్పల్లో కూర్చుని బస్తాలతో సహా అతన్ని పట్టుకుంది. హోటల్ ఫ్రీజర్ కూడా తెరిపించింది. జడ్జి మూడేళ్ళు గాలం పట్టకూడదన్నాడు, పడవ జప్తు చేశాడు. నీకు ఇంతవరకు తెలుసు.

ఇక్కడితో ఆపేస్తే నేను మంచిదాన్నే అనిపిస్తాను. అందుకే మూడు వారాలు పట్టింది.

పోయిన ఆదివారం ఎర్విన్ దుకాణానికి వచ్చాడు. చర్చిలో పూజ నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, కోటు వేసుకున్నాడు, గడ్డం గీసుకున్నాడు. అరుస్తాడనుకున్నాను. తొట్టి మీదికి వంగి ఎరచేపలను చూశాడు.

"నువ్వేనని నాకు తెలుసు లియోనా. కోపం లేదు" అన్నాడు. "ఒక్కటే అడగాలని వచ్చాను. మీ అమ్మ పోయినప్పుడు నన్ను ఏమీ అడగలేదేం?"

నేను తొట్టి తుడుస్తున్న గుడ్డ కింద పెట్టాను.

"రెండేళ్ళ కిందట ఫిబ్రవరిలో, చర్చి హాల్లో, నూట ఇరవైమందికి భోజనం. పొద్దున్నే నీ వంటింటి గుమ్మం దగ్గరికి నాలుగు పెట్టెల వాలై ముక్కలు తెచ్చి దించాను. నువ్వు మూత తీసి చూశావు. 'దేవుడిలా వచ్చావు ఎర్విన్ అన్నా' అన్నావు. ఎక్కడివని అడగలేదు. అప్పుడు అడిగుంటే నాకు సిగ్గేసి ఉండేదేమో. ఆపేసి ఉండేవాణ్ణేమో. ఇప్పుడు అడిగావు, ఏం లాభం?"

అనేసి టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. తలుపు మెల్లిగా వేశాడు. విసురుగా వేసి ఉంటే బాగుండేది.

అతను చెప్పింది నిజం. ఆ మూత తీసినప్పుడు నాకు లెక్క తెలిసిపోయింది. నూట ఇరవైమందికి కడుపునిండా వాలై అంటే ఎన్ని చేపలో చిన్నపిల్ల కూడా చెప్పగలదు. రెండేళ్ళ కిందటే నాకు తెలుసు. కానీ ఆ చలిలో, అమ్మ శవపేటిక ఇంకా చర్చిలోనే ఉండగా, వచ్చినవాళ్ళకు పందిమాంసం ముక్క పెట్టిన రొట్టెలిచ్చి పంపాలా అని ఏడుస్తున్నదాన్ని. అమ్మకు ఇష్టమైన భోజనం గుమ్మం దాకా వచ్చింది. కళ్ళు మూసుకున్నాను. బాగా వేయించాను కూడా. ఈ ఏప్రిల్‌లో బస్తాలు చూసి కక్కుకున్న ఈ నోటితోనే, రెండేళ్ళ కిందట ఆ రోజు తిని వేళ్ళు నాక్కున్నాను. "ఎప్పటి నుంచి తెలుసు?" అని మార్లా అడిగితే "ఈ వసంతం నుంచే" అని సంతకం పెట్టాను. ఎర్విన్ మీద ఉన్న అసహ్యమంతా ఇప్పుడు నా మీదికే తిరిగింది. అద్దం ముందు జుట్టు దువ్వుకోబుద్ధి కావడం లేదు.

సోమవారం మార్లా ఆఫీసుకు వెళ్ళి, నేను రాసిచ్చింది అబద్ధమని చెప్పాను. ఆ పిల్ల అంతా ఓపికగా రాసుకుంది. "తినేసిన చేపలకు సాక్ష్యం ఎక్కడ తెస్తాం లియోనా గారూ? ఇంటికి వెళ్ళండి. కేసు అయిపోయింది" అంది. కాఫీ కూడా పోసి ఇచ్చింది. శిక్ష వేస్తే తేలికయ్యేది. ఆ కాఫీ అక్కడే వదిలేసి వచ్చాను.

అందుకే గురువారం మన వేటగాళ్ళ సంఘం సమావేశంలో లేచి నిలబడ్డాను. అప్పటిదాకా అందరూ ఎర్విన్‌ను తిడుతున్నారు. ఒకడు దొంగన్నాడు, ఒకడు ఊరి పరువు తీశాడన్నాడు. అతని ఫోటో గోడ మీంచి తీసేయాలని తీర్మానం. నేను ఆ పెట్టెల సంగతి చెప్పాను, అబద్ధపు సంతకం సంగతీ చెప్పాను. "నువ్వు బాధలో ఉన్నావులే" అని ఎవరో అన్నారు. అప్పుడు వెనక వరసలోంచి డెల్ఫీన్, ఆ రోజు నాతో పాటు వడ్డించిన మన పక్కింటి డెల్ఫీన్, కూర్చునే అంది: "ఇన్ని చేపలు ఎక్కడివా అని నేనూ అనుకున్నా. పళ్ళేలు మోస్తూనే అనుకున్నా. రెండోసారి కూడా వడ్డించుకున్నా." ఆమె తరువాత ఇంకొకరు. ఆ తరువాత ఇంకో ఇద్దరు. మిగతావాళ్ళు బూట్ల వైపు చూసుకున్నారు. తీర్మానం సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. కుర్చీలు మడిచి ఇంటిదారి పట్టాం. ఇన్నాళ్ళూ నదిని కాపాడుతున్నామని విర్రవీగిన సంఘం ఇదీ.

ఇక నీ సంగతి. అమ్మను సాగనంపిన రోజు చర్చి హాల్లో నువ్వు నా ఎడమపక్కన కూర్చున్నావు. నాలుగు ముక్కలు తిన్నావు. ఫిబ్రవరిలో ఆనకట్ట కింద మనిషికి ఎన్ని వాలైలు పడతాయో ఈ ఊళ్ళో నీకంటే బాగా తెలిసినవాడు లేడు. పళ్ళెం రెండోసారి వచ్చినప్పుడు నువ్వు ఆగి, బల్లకు అవతల కూర్చున్న ఎర్విన్ వైపు చూశావు. అతను తల వంచుకున్నాడు. నువ్వు ఫోర్కుతో ఇంకో ముక్క తీసుకుని నిమ్మకాయ పిండుకున్నావు. నేను చూశాను అన్నయ్యా. ఇన్నాళ్ళూ చూడలేదనుకున్నాను.

నువ్వు అడిగిన పేరు నేను చెప్పాను. ఇప్పుడు నువ్వు చెప్పు. ఆ రోజు నీకు తెలుసా, తెలియదా? అరిజోనా ఎండ గురించీ ఊపిరి గురించీ తరువాత రాద్దువుగాని. ముందు ఇది రాయి.

ఇట్లు,
నీతోపాటే ఆ బల్ల దగ్గర కూర్చున్న నీ చెల్లెలు,
లియోనా