అద్దె సున్నా అని రాసిన గది

నేను, నెమొతో మిజుహొ, వయసు ముప్పై ఒకటి. ఇబరాకిలో నాకా అనే నది పక్కన సోయా గింజలు పులియబెట్టి, జిగురు సాగే నాటో చేసి అమ్మే కినుయె గారి ఒక్కగానొక్క కూతురిని. మా ఇంట్లో విశ్వవిద్యాలయం గడప తొక్కిన మొదటి మనిషిని. నా జబ్బు ఇక తగ్గదని డాక్టర్లు చెప్పారు. బుద్ధి మాత్రం నిలకడగా ఉంది. ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేత్తో ఈ వీలునామా రాస్తున్నాను. దీన్ని అమలు చేయవలసినది వకీలు ఒనుకి చియొ గారు.

1. బ్యాంకులో ఉన్నదంతా, సైకిలు, ఉన్ని కోటు అమ్మకు. ఆవిరికి కాలిన ఆమె వేళ్లకు రాసుకునే మందు మూడు డబ్బాలు బల్ల సొరుగులో ఉన్నాయి. దాచుకోకుండా వాడాలి.

2. నా పరిశోధన పత్రం మీద తన పేరు ముందు వేసుకున్న ప్రొఫెసరు గారికి ఏమీ లేదు. నా గొడుగు ఆయన దగ్గరే ఉంది. ఉంచుకోవచ్చు.

3. నా నివేదిక గురించి. రక్తపు గడ్డలను కరిగిస్తుందని చెప్పే పదార్థం ఒకటి నాటోలో ఉంది. మా నాన్న మెదడులో రక్తం గడ్డకట్టి పోయారు. ఆ పదార్థాన్ని వేరుచేసి మాత్రలుగా అమ్మితే గిట్టుబాటవుతుందా అని లెక్కలు వేశాను. కొత్త గది కడితే గిట్టదు. కానీ బియ్యంతో సాకే అనే సారా చేసేచోట, బియ్యానికి తెల్లబూజు పట్టించే దేవదారు చెక్కల గది వేసవంతా ఖాళీగా ఉంటుంది. అక్కడ చేస్తే గిట్టుతుంది. అద్దె అన్న చోట సున్నా వేశాను.

మా ఊళ్లో ఆ సారా బట్టీ తోబితా గారిది; సారా చేసే చలికాలంలో అమ్మ ఆ వీధిలోకే వెళ్లేది కాదు. ఊరు చుట్టి వచ్చేది. ఆ గదే అడుగుతానంటే, "మన గింజల జిగురు ఆ గదిలోకి పోయిందంటే ఇక వదలదే. నీకు పుస్తకాలు తెలుసు, నాకిది తెలుసు," అంది. ఆవిరి పట్టిస్తామనీ, స్పిరిటుతో తుడుస్తామనీ చెప్పి ఆమె నోరు మూయించాను. తోబితా గెన్‌జొ గారు నవ్వుతూ తాళాలు ఇచ్చారు. "ఇంత చదివినదానివి, నీ మాట కాదని మీ అమ్మ మాట వింటానా! ఒక్క వేసవే సుమా," అన్నారు.

ఆ వేసవంతా అక్కడ నాటో పులియబెట్టి, చివర గది శుభ్రం చేసి, జిగురు మిగిలిందేమోనని గోడలు మూడు చోట్ల పరీక్షించాను. చెక్కల సందులు చూడలేదు. ఆ చలికాలం బియ్యానికి తెల్లబూజు పట్టలేదు. జిగురు సాగి, మా దుకాణం వాసన కొట్టింది. మూడుసార్లు పారబోశారు. చివరికి చెక్కలు ఊడదీసి కాల్చారు. నూట నలభై ఏళ్ల బట్టీ మూతపడింది. ఆయన ఇప్పుడు సూపర్‌మార్కెట్ ముందు ఎర్రలైటు ఊపుతూ కార్లకు దారి చూపిస్తున్నారు.

ఒక మందుల కంపెనీ ఈ నివేదిక కొంటానంటోంది. వేసవిలో ఖాళీగా ఉండే బట్టీలు మరో పదకొండు వాళ్ల జాబితాలో ఉన్నాయి. అందుకే నివేదికను వెనక్కి తీసుకుంటున్నాను. ఎవరికీ అమ్మకూడదు. ఎవరైనా వస్తే, సున్నా కొట్టేసి, అక్కడ తోబితా గారి బట్టీ వెల మొత్తం వేసి, గిట్టదని చెప్పి పంపాలి.

అమ్మా, ఆ డబ్బు వస్తే నీ నడుముకు కాస్త విశ్రాంతి దొరికేది. నీకు అందకుండా చేస్తున్నది నేనే.

4. తోబితా గారికి ఏమీ రాయడం లేదు. ఏమిచ్చినా బదులుగా ఇంకేదో పట్టుకొస్తారు. ఆసుపత్రికి వచ్చి ఆయన అన్నది ఒక్కటే: "ఎప్పుడు లేస్తావు అమ్మాయీ? ఆ లైటు ఊపడం నీకూ నేర్పుతాను, చదువక్కర్లేని పని." నా అంత్యక్రియలకు నల్లకోటు వేసుకుని, పరామర్శకు వచ్చేవాళ్లు ఇచ్చే డబ్బు కవరుతో వస్తారు. వాకిట్లో దాన్ని తీసుకోవద్దు. వచ్చినవాళ్ల పుస్తకంలో ఆయన పేరు రాయించవద్దు. లోపల బంధువుల వరుసలో కూర్చోబెట్టండి. ఆయన ఒప్పుకోరు, గుమ్మం దగ్గరే వంగి నిలబడతారు. అమ్మా, అప్పుడు నువ్వే లేచి వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకురా.

2024 నవంబరు 19, మంగళవారం

నెమొతో మిజుహొ (సంతకం, ముద్ర)

సాక్షులు:
కురొసావా ఇత్సుకొ, వార్డు నర్సు
షిదా హెయ్‌కిచి, గడ్డితాళ్ల వ్యాపారి