ఏడు నిమిషాల ముందు

డిసెంబర్ 1, సోమవారం

ఏకాదశి. నీళ్లు కూడా ముట్టలేదు. పన్నెండున్నరకు దుకాణం షట్టరు దించి, చీర మార్చి, బూట్లు వేసుకుని రోడ్డెక్కాను. ఈరోజు మా పరుగు క్లబ్బులో అందరి టైమూ తీశారు ప్రసాద్ గారు. మొయినాబాద్ నుంచి సురంగల్ దారిలో రెండున్నర కిలోమీటర్లు, అక్కడినుంచి వెనక్కి. నాకు నలభై మూడు నిమిషాలు. ఎప్పుడూ ముప్పై ఏడు. రెండుచోట్ల కళ్లు తిరిగి నడిచాను.

"ఒంట్లో బాగోలేదా అక్కగారూ?"

ప్రసాద్ గారు అడిగితే బాగానే ఉందన్నాను. ఉపవాసం నోటితో చెప్పుకుంటే ఫలం పోతుందని అమ్మ అనేది.

డిసెంబర్ 3, బుధవారం

ఫోన్ గ్రూపులో పట్టిక వచ్చింది. పదో తేదీ పందెం. సోమవారం తీసిన టైములను బట్టి, నెమ్మదిగా పరుగెత్తేవాళ్లు ముందు బయలుదేరాలి, వేగం ఉన్నవాళ్లు చివర; ముందు తిరిగొచ్చినవాళ్లదే గెలుపు. అందరూ ఒకటీ నలభై మూడుకు గీత దగ్గర కలవాలని ఆయన లెక్క.

ఒంటిగంటకు నేను. యాదమ్మ ఒకటీ ఏడుకు.

ఇన్ని నెలలు ఇద్దరిదీ ఒకే అడుగు. ఆమె మాట్లాడుతుంది, నేను వింటాను. అజీజ్‌నగర్ ఫామ్‌హౌస్‌లో ఆమె వండినవి, మాడినవి, సేటు అన్నవి... అన్నీ. నా రోజులో మనిషి గొంతు అంటే అదే. బేరాలు గొంతు కింద లెక్క కాదు.

గెలిచినవాళ్లకు స్టీలు టిఫిన్ క్యారియర్, మూత మీద పేరుతో. క్యారియర్ మా దుకాణానిదే. మిషనుతో పేరు కొట్టేదీ నేనే.

డిసెంబర్ 5

ముందు ఇచ్చిన ఆ ఆరు నిమిషాలు నావి కావని ప్రసాద్ గారికి చెప్పాలి. చెబితే ఎందుకని అడుగుతారు.

జపంలో మనసు నిలవలేదు.

డిసెంబర్ 8

చేవెళ్లలో తమ్ముడి ఇంటికి చేరేసరికి రాత్రి ఏడున్నర. బస్సులో నిలబడే వచ్చాను. తమ్ముడు అన్నం ముందు కూర్చుని — "ఈ వయసుల ఉరుకుడేందక్కా, దుకాణం బందు పెట్టి." మరదలు నవ్వింది. నేనూ నవ్వాను. వాళ్లు తిన్నాక తిన్నాను.

డిసెంబర్ 10, బుధవారం

పందెం.

సరిగ్గా ఒంటిగంట. నేనొక్కదాన్నే గీత దాటాను. వెనక చప్పట్లు, తర్వాత ఏమీ లేదు. ఎండ, పూలతోటల తడి వాసన, నా బూట్ల చప్పుడు. అడుగుకో నామం అనుకున్నాను. కొంతదూరం పోయాక నామం పోయి అంకెలే మిగిలాయి.

మలుపు తిరిగి వస్తుంటే యాదమ్మ ఎదురొచ్చింది. చున్నీ నడుముకు బిగించి, చెమటతో. "నడువక్కా నడువు, పట్టుకుంట నిన్ను."

అప్పుడు ఆగవచ్చు. బూటు లేసు ఊడిందని కూర్చోవచ్చు. కాళ్లు ఆగలేదు. నిజం రాయాలంటే — ఆపలేదు.

ఒకటీ ముప్పై ఏడుకు వచ్చేశాను. గీత దగ్గర ప్రసాద్ గారి పిల్లవాడు ఫోన్ పట్టుకుని, చాప మీద అందరి టిఫిన్ డబ్బాలు. ఆరు నిమిషాలు నిలబడ్డాను. అంత పొడుగు ఆరు నిమిషాలు ఎరుగను.

తర్వాత యాదమ్మ. తర్వాత మిగతావాళ్లంతా ఒకరి మీద ఒకరు పడుతూ. ప్రసాద్ గారు లెక్క చూసి — "తొమ్మిది రోజుల్లో ఆరు నిమిషాలు బాగుపడ్డారండీ అక్కగారు. ఏం తింటున్నారో కాస్త మాకూ చెప్పండి." అందరూ చప్పట్లు. యాదమ్మ అందరికన్నా గట్టిగా.

డిసెంబర్ 11

క్యారియర్ ముందు పెట్టుకుని మిషను ఆన్ చేశాను. ఆఫ్ చేశాను. పెళ్లివాళ్లు వచ్చారు, ఇరవై ఒక్క పళ్లెం. వాళ్ల పేర్లన్నీ కొట్టాను.

డిసెంబర్ 12

చెప్పలేదు.

డిసెంబర్ 13, శనివారం

మధ్యాహ్నం యాదమ్మ దుకాణానికి వచ్చింది. కూరగాయల సంచీ గడప మీద పెట్టి — "ఏదక్కా, నీ పేరు సూపియ్యి."

"ఇంకా కొట్టలేదు."

"నీ దుకాణం, నీ మిషను, నీకే తీరిక లేదా." మూత తిప్పి చూసింది. వేలితో మధ్యన రుద్దింది. "మా ఫామ్‌హౌస్ల అన్నిటి మీద సేటు పేరే. నేను తోమేటివి గూడ. గీ ఒక్కటన్న నాదైతదని బిడ్డకు చెప్పిన ఎర్రిదాన్ని." నవ్వింది. "గని ఆరు నిమిషాలు ఎట్ల తగ్గినయక్కా? నాకు గూడ జెప్పు, వచ్చేసారి నేను కొడ్త."

అప్పుడు చెప్పాను. ఆ సోమవారం ఒక్కపొద్దు, కటిక ఉపవాసం, అందుకే నలభై మూడు అని.

ఆమె నవ్వు ఒకేసారి పోలేదు. మెల్లగా పోయింది.

"ఆయినకు చెప్పకపోతివి, సరే. నాకన్న చెప్పొద్దా? పక్కపొంటి ఉరికేదాన్ని."

"చెబితే ఫలం పోతుందని..."

"నీ ఫలం పోవద్దు. నాది పోతే ఏం ఫికర్ లేదు."

సంచీ ఎత్తుకుని వెళ్లిపోయింది. ఒక వంకాయ పడితే వెనక్కి రాలేదు.

డిసెంబర్ 15, సోమవారం

మళ్లీ ఏకాదశి. షట్టరు దించగానే ప్రసాద్ గారింటికి వెళ్లి చెప్పాను.

"ఉపవాసమా? అయ్యో, ఆ మాటేదో అప్పుడే అనాలి కదండీ." కాసేపు తల గోక్కున్నారు. "పోనీ వదిలేయండి. పెద్దవారు, ఎవరూ ఏమీ అనుకోరు."

అనుకోవాలి అన్నాను. గ్రూపులో పెడతారా అంటే, నలుగురిలో ఎందుకండీ అన్నారు. నేనే పెట్టాను. నాలుగు వాక్యాలకు గంట పట్టింది. పందెం యాదమ్మదని చివర రాశాను.

డిసెంబర్ 16

ధనుర్మాసం మొదలు. తెల్లవారకముందే పూజ, పొంగలి.

గ్రూపు నిండా దండాలు. అక్క మనసు బంగారం అని ఒకరు. తప్పు ఒప్పుకుంటే మళ్లీ చప్పట్లే కొట్టారు. యాదమ్మ చూసినట్టు ఫోన్‌లో గుర్తు పడింది. ఒక్క మాట లేదు.

మూత మీద ఆమె పేరు కొట్టాను. మూడే అక్షరాలు. చివరిదాని దగ్గర చెయ్యి కొంచెం జారింది. చూసేవాళ్లకు తెలియదు.

డిసెంబర్ 17, బుధవారం

యాదమ్మ రాలేదు. ఒక్కదాన్నే పరుగెత్తాను. టైం చూసుకోలేదు.

డిసెంబర్ 20

ఆటోలో అజీజ్‌నగర్. గేటు దగ్గర వాచ్‌మన్ పిలిచాడు. యాదమ్మ పిండి చేతులతో వచ్చింది. క్యారియర్ చాపాను. పేరు చూసింది — చాలాసేపు చూసింది. పట్టుకోలేదు.

"నీకు అందరి ముంగట సప్పట్లు కొట్టిన్రు. నాకు గేటు కాడ ఇస్తవాక్కా?"

నాకు తట్టనే లేదు. యాభై నాలుగేళ్లు వచ్చి, తోడబుట్టిన ముగ్గురికి పెళ్లిళ్లు చేసి, ఇది తట్టలేదు.

"పూరీలు మాడ్తయి" అని లోపలికి పోయింది.

డిసెంబర్ 24, బుధవారం

కొత్త పట్టిక. ముప్పై ఒకటిన పందెం. యాదమ్మ, నేను — ఇద్దరం ఒకే నిమిషానికి. ఆమె ఇవాళ కూడా రాలేదు.

డిసెంబర్ 30

ముక్కోటి. తెల్లవారుజామున ఉత్తర ద్వారం. వరుసలో ముందు ఇద్దరక్కచెల్లెళ్లు ఒకరి కొంగు ఒకరు పట్టుకుని నిలబడ్డారు. స్వామిని ఏమడగాలో తెలియలేదు. ఏమీ అడగకుండా వచ్చాను.

డిసెంబర్ 31, బుధవారం

వచ్చింది.

గీత దగ్గరే, బయలుదేరకముందు, ప్రసాద్ గారు అందరినీ ఆపి, నేను ముందే ఆయనకు అప్పగించిన క్యారియర్ ఆమెకు ఇచ్చారు. మొదటి పందెం యాదమ్మగారిదండీ, ఆలస్యమైంది అన్నారు. ఆమె రెండు చేతులా తీసుకుని మూత అందరికీ తిప్పి చూపించింది. నా వైపు కూడా — అందరితోపాటు. చప్పట్లు కొట్టాను.

ఇద్దరం కలిసే బయలుదేరాం. పోయేటప్పుడు మాట లేదు. వచ్చేటప్పుడూ లేదు. వంటల మాట లేదు, సేటు మాట లేదు. ఆమె ఊపిరి మాత్రం, నా కుడి చెవి దగ్గర.

ఎవరో వేరేవాళ్లు గెలిచారు. అన్నాలప్పుడు యాదమ్మ చాప అవతలి చివర కూర్చుంది.

ఒక్క సంగతి. మలుపు దాటాక నాకు డొక్కలో పట్టేసింది. అడుగు తగ్గించాను. ఆమె ముందుకు పోవచ్చు, దారి ఖాళీ. పోలేదు. నావైపు చూడకుండానే తనూ తగ్గించింది. నేను మళ్లీ అందుకునేదాకా అలాగే. నా కోసమో, తనకూ ఆయాసం వచ్చిందో... అడగలేదు.