మూడో పిల్లర్

నువ్వు మేస్త్రీగా పనిచేసిన మంజీర వంతెనను మూసేశారు. నువ్వు పోయి రెండేళ్లయినా, ఈ సంగతి ముందు నీకే చెప్పాలనిపించింది. ఇవాళ బాన్సువాడ నుంచి మద్నూర్‌లో ఉన్న మా అక్క దగ్గరికి వెళ్తుంటే, బస్సు దాని పక్కనే కట్టిన కొత్త వంతెన ఎక్కింది. వెడల్పుగా ఉంది, కుదుపే లేదు. నీకు నచ్చదు.

బస్సెక్కగానే నిద్రపోయేవాడివి. వంతెన రాగానే లేపమనేవాడివి. ఆ అలవాటు నా చేతికి ఇంకా పోలేదు. నది కనబడగానే, పక్క సీట్లో కునుకు తీస్తున్న అమ్మాయి భుజం తట్టి "వంతెనొచ్చింది, లే" అన్నాను.

ఆమె ఉలిక్కిపడి బ్యాగు అందుకుంది. "ఈడ దిగాల్నా అవ్వా?"

"లేదు బిడ్డా. గా పాత వంతెన చూడు. మా ఆయన పనిచేసిండు దానికి. మూడో పిల్లర్ రెండుసార్లు లేపిన్రట."

నిద్ర చెడగొట్టినందుకు విసుక్కుంటుందనుకున్నాను. ఆమె మాత్రం కిటికీ వైపు వంగి, మూడో పిల్లర్ దాకా వేలితో లెక్కపెట్టింది.

"రెండుసార్లు ఎందుకు అవ్వా?"

నది దాటేదాకా నా జవాబు కోసం చూసింది. ఎందుకో నాకూ తెలియదు. వంతెన మీద ఆ కథ నువ్వు ఎత్తుకున్న ప్రతిసారీ, "తెల్సు తీయ్, ఇగ పండుకో" అన్నది నేనే కదా.