పాటల గది ఆంప్లిఫయర్ మీద నా ఆఖరి మాట

జీవితమంతా లిఫ్టులు బాగుచేసి, ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతున్న నేను, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, స్థిరచిత్తంతో, నా సొంత చేత్తో రాస్తున్న వీలునామా ఏమంటే: నా బుద్ధి తిన్నగానే ఉంది. డాక్టరు సర్టిఫికెట్టేమీ జతచేయడం లేదు. ఈ పొద్దునే ఫ్యాను రెక్కలు తుడిచే విషయమై నా భార్యతో వాదనకు దిగి, ఓడిపోయి, గుడ్డ తడిపి ఇచ్చాను. మతి చలించినవాడైతే గెలిచేదాకా వదిలేవాడు కాదు.

డాక్టరు చెప్పింది కూడా రాసేస్తాను, దాపరికమెందుకు. గుండె కొట్టుకుంటోందట గానీ రక్తాన్ని తోసే బలం చాలడం లేదట. అంటే ఇంత లావు ఒంటికి చిన్న ఆంప్లిఫయర్ తగిలించారన్నమాట. నేనలా అంటే ఆయన నర్సు వైపు చూశాడు.

ఇంతకుముందు నేను రాసిన రెండు వీలునామాలూ ఇందుమూలంగా రద్దు. రెండూ కోపంలో రాసినవే. ఒకదాంట్లో మీ అందర్నీ కాదని మొత్తం ఆస్తి లిఫ్టు పనివాళ్ళ సంఘానికి రాసిపారేశాను. సంఘంవాళ్ళు మన్నించాలి, తర్వాత భోజనం చేశాక కోపం తగ్గింది.

1. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత నా కూతురిది. ఈత నేర్పే టీచరు. "పెద్దవాడుండగా అమ్మాయికెందుకు బావా?" అని మా బామ్మర్ది అడుగుతాడు, నాకు తెలుసు. ఈతకొలను ఆ చివర మునుగుతున్న పిల్లకి ఈ చివర్నుంచి మైకు లేకుండా వినబడే గొంతు అమ్మాయిది. ఈ పనికి ఆ గొంతే కావాలి. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది, కాగితాలు తిరగేసి చివర చూడకండి.

2. నా స్వార్జితమైన ఇల్లు నా భార్యకు జీవితాంతం అనుభవ హక్కుతో దఖలు పరుస్తున్నాను. ఆమె తదనంతరం కొడుకూ కూతురూ చెరిసగం, దాన విక్రయాది సర్వ హక్కులతో. ఇంతవరకూ అందరి వీలునామాల్లాగే ఉంది. అసలు మాట ఇప్పుడు చెప్తున్నాను. వీధివైపున్న పాటల గదిలో ఆమె బతికున్నన్నాళ్ళూ ఒక్క మేకు కూడా పీకకూడదు. చెక్క నేల, రెండు స్పీకర్లు, వాటి మధ్య పొయ్యిలా వేడెక్కే ఆంప్లిఫయర్, ఎదురుగా చెయ్యి విరిగిన కుర్చీ, ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం: ఆ ఆంప్లిఫయర్ తీసేసి ఇంకోటి, ముఖ్యంగా చిన్నది, పెట్టకూడదు.

ఇది ఎందుకు రాయాల్సొచ్చిందంటే, నేను పడుకున్నాననుకుని మీరు హాల్లో మాట్లాడుకున్నది విన్నాను. టైల్సు కొట్టు నడిపే పెద్దవాడు "ఆ చెక్క పీకేసి తెల్ల టైల్సు వేస్తే గదికి ఎంత వెలుగొస్తుందో" అన్నాడు. కోడలు "అత్తయ్యగారికి టీవీ కింద పెట్టుకునే సన్న స్పీకరు చాలదూ" అంది, పాపం మంచికే. బామ్మర్ది మాత్రం "ఆ ఏనుగుని అమ్మేద్దాం, అక్కకి నా కొట్లో అరచేతిలో పట్టే ఆంప్లిఫయర్ ఉంది, కరెంటే తినదు, ఆ బీరువాలకే తగిలిస్తా" అన్నాడు. ఏనుగంటే నా ఆంప్లిఫయర్, బీరువాలంటే నా స్పీకర్లు. గుండె జబ్బువాడు నిద్రపోవడం అంత తేలిక కాదు నాయనలారా.

3. ఇక్కడ కాస్త పక్కదారి పడతాను. వీలునామాలో పాఠం చెప్పకూడదని చట్టమేమీ లేదు.

ఆ బీరువాల వెనక చిన్న రేకు మీద ఎనిమిది ఓమ్స్ అని ఉంటుంది. వచ్చే కరెంటుకి స్పీకరు ఎంత అడ్డం పడుతుందో చెప్పే లెక్క అది. అడ్డం తగ్గేకొద్దీ ఆంప్లిఫయర్ని పీల్చేస్తుంది. రేకు మీద రాత పెళ్ళిచూపుల్లో మాటలాంటిది. "అబ్బాయికి ఏ అలవాటూ లేదండీ, కాఫీ కూడా ముట్టడు" అంటారు. కాపురం పెట్టాక తెలుస్తుంది. నా బీరువాలు లావు గొంతుతో పలకాల్సొస్తే ఎనిమిదిలోంచి మూడుకు జారిపోతాయి. పైగా తిండిపోతులు. పక్కింటి స్పీకరు ఒక్క వాట్‌తో చేసే చప్పుడుకి వీటికి ఎనిమిదో పదో పోయాలి. వాట్లు రెట్టింపు చేస్తే చెవి ఏమంటుంది? "ఆఁ, కాస్త పెరిగింది" అంటుంది. అంతే దాని విశ్వాసం.

లిఫ్టులోనూ ఇంతే. నడుస్తున్న లిఫ్టు తినే కరెంటు వేరు, నిండా జనంతో కదలబోయే క్షణంలో లాగే కరెంటు వేరు. మోటారు ఆ క్షణానికి సరిపోవాలి. డ్రమ్ము మీద దెబ్బ పడటం అలాంటి క్షణమే. ఆ క్షణంలో దమ్ము చాలని ఆంప్లిఫయర్ ఊరుకోదు, అరుస్తుంది. పాట కొసలు తెగ్గొట్టి, లేని కీచుగొంతు పుట్టిస్తుంది. ఆ కీచంతా వెళ్ళి స్పీకరు పైభాగంలో సన్నటి స్వరాలు పలికే బుల్లి స్పీకర్ని కాలుస్తుంది. లోకమంతా పెద్ద ఆంప్లిఫయర్ చూసి భయపడుతుంది. కాల్చేది చిన్నది. మనుషుల్లో కూడా అంతే అని రాద్దామనుకున్నాను, బామ్మర్ది పొట్టివాడు కనక మానేశాను.

4. రేడియో కొట్టు బామ్మర్దికి: ఇనప్పెట్టెలో పత్తిలో చుట్టి దాచిన కాలిపోయిన బుల్లి స్పీకరు, సర్వ హక్కులతో. దాని చరిత్ర ఇది. బీరువాలు కొత్తగా వచ్చిన రోజుల్లో ఈయన ఓ చిన్న ఆంప్లిఫయర్ చంకలో పెట్టుకొచ్చి "తేనె బావా, తేనె" అన్నాడు. నిజంగా తేనే. చెంచాడు. తగిలించాం. ఎవరో చప్పుడు పెంచే గుండీ మీద చెయ్యి వేసి తిప్పారు. ఇంకా పెంచారు. అది కీచుమంది. బామ్మర్ది చెవులు మూసుకున్నాడు, కుక్క మంచం కిందకి దూరింది, పిల్లలు వీధిలోకి పరిగెత్తారు. కాసేపటికి ఎడమ బీరువా నుంచి కాలిన వాసన.

ఆ రోజు నుంచీ "బావ చేతికి ఏమిచ్చినా మసే" అని ఈయన ప్రతి పెళ్ళిలోనూ చెప్తున్నాడు. విన్నవాళ్ళు మళ్ళీ నాకే వచ్చి చెప్తున్నారు. నేను నోరెత్తలేదు. ఇప్పుడు ఎత్తుతున్నాను. గుండీ మీద చెయ్యి నాది కాదు. మీ అక్కది.

5. నేను ఆవేళ గది గుమ్మంలో ఉన్నాను. ఇంట్లో జీవమున్న ప్రతిదీ పారిపోయింది. ఆమె మాత్రం ఆ కుర్చీలో గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, అరికాళ్ళు నేలకి ఆనించి, హాయిగా కూర్చుని ఉంది. నా వైపు చూసి "బావుంది కదండీ, ఇంకాస్త పెంచనా?" అంది.

అప్పుడు తెలిసింది నాకు. అచ్చాఫీసులో పెద్ద యంత్రం నడిపింది మీ అమ్మ. దాని పక్కన నిలబడి నిలబడి సన్నటి స్వరాలన్నీ ఆ యంత్రానికే వదిలేసి వచ్చింది. లావు స్వరాలు మిగిలాయి, అవీ కొంచెం గట్టిగా అడిగితేనే. మాటలు మన పెదాలు చూసి అందుకుంటుంది. అందుకే మీరు వెనకనుంచి పిలిస్తే పలకదు. పొగరు అనుకున్నారు. పొగరు కూడా ఉందనుకోండి, అది వేరే సంగతి. వీధి తలుపు గంట పని చేయడం లేదని నేను ఏడుసార్లు బాగుచేశానని మీరు ఎగతాళి చేసేవారే, ఆ గంటకి ఎప్పుడూ ఏ రోగమూ లేదు.

"యంత్రం మీదనుంచి దించేస్తారు, ఎవరికీ చెప్పకండి" అంది. చెప్పలేదు. పని మానేశాక కూడా "ఇప్పుడు జాలిపడతారు, అది ఇంకా దరిద్రం" అంది. చెప్పలేదు. ఈ వీలునామా కోసం వారం రోజులు బతిమాలితే ఒప్పుకుంది, ఒక షరతు మీద. దానికి లోకం వాడే మూడక్షరాల మాట ఈ కాగితంలో రాయకూడదు. రాయడం లేదు, చూసుకోండి.

కాబట్టి నలుగురు లిఫ్టు కుర్రాళ్ళు మోసుకొచ్చిన ఆ ఏనుగు ఆంప్లిఫయర్ నా పిచ్చి కోసం కొన్నది కాదు. బీరువాలు మూడు ఓమ్స్‌కి జారినా అది చెమట పట్టదు, కీచుమనదు. చిన్నది పెట్టారనుకోండి. అది కీచుమంటుంది. మనకైతే పళ్ళు జివ్వుమంటాయి, చెయ్యి దానంతటదే గుండీ తగ్గిస్తుంది. ఆమెకి ఆ కీచు చేరదు. చాలడం లేదని ఇంకా పెంచుతుంది. ఒక్క పూటలో స్పీకర్లు బూడిద. తర్వాత ఆ కుర్చీలో కూర్చుని, ఏమైందో తెలియక, తనకి మిగిలింది కూడా పోయిందేమో అనుకుంటుంది. నాకున్న భయమల్లా అదొక్కటే. చావు గురించి అంత బెంగ లేదు.

6. పెద్దవాడికి: ఆమె తదనంతరం ఆ చెక్క నేల మొత్తం నీదిరా నాన్నా, పీకి నీ ఇష్టమొచ్చిన తెల్లటి టైల్సు వేసుకో. ఈలోగా ఒక్కసారి, మీ అమ్మ పాట పెట్టినప్పుడు, చెప్పులు విడిచి ఆ నేల మీద నిలబడు. పియానో ఎడమచేతి లావు స్వరాలు మడమల్లోంచి ఎక్కుతాయి. టైల్సు కింద సిమెంటు పోస్తావు, అది ఏమీ చెప్పదు. నీ వ్యాపారాన్ని కించపరచడం లేదు, స్నానాలగదికి టైల్సే మంచివి.

7. పై అంతస్తు లెక్కల మేష్టారికి: నా మందపాటి తివాచీ, తలకి చుట్టుకునే ఉన్ని మఫ్లరు. "మీ ఇంట్లో ఏనుగులు కాపురమున్నాయా?" అని అడిగినప్పుడల్లా నేనే క్షమాపణ చెప్పాను. ఇకనుంచి ఫిర్యాదులు సరైన చిరునామాకి, అంటే నా భార్యకి, ఆమె ముఖానికి ఎదురుగా నిలబడి చెప్పుకోవాలి. ధైర్యముంటే. ఇంకోమాట. కర్రతో నేల బాదేటప్పుడు మేష్టారు తాళం తప్పుతున్నారు. లెక్కలు చెప్పినాయన నాలుగు దాకా ఎంచలేకపోవడం నాకు మొదట్నుంచీ మింగుడుపడలేదు.

8. నాతో పాతికేళ్ళు లిఫ్టు గుంతల్లో దిగిన నా సహాయకుడికి, అంటే మనందరం నూనెడబ్బా అని పిలిచేవాడికి, నా పనిముట్ల సంచి. స్పానర్లు తిరిగిస్తానని తీసుకెళ్ళినవి ఇప్పటికే అతని దగ్గరున్నాయి, సంచి ఒక్కటే తక్కువ. దీనికి బదులు ఏడాదికోసారి వచ్చి ఆంప్లిఫయర్ మూత తీసి దుమ్ము దులపాలి. ప్లగ్గు పీకి, కొంచెంసేపు ఆగి. లోపల కరెంటు మనలాగే వెంటనే పోదు.

9. నా సంతాప సభ పెడితే బామ్మర్ది మైకు సెట్టు తేకూడదు. అది కూస్తుంది. నన్ను పొగిడేటప్పుడు అది కూస్తే జనం నవ్వుతారు, తిట్టేటప్పుడు కూస్తే నేను నవ్వాల్సొస్తుంది. రెండూ బావుండవు.

10. నా భార్యకు, పైన చెప్పినవి కాక: గుండీ పక్కన నేను గోళ్ళరంగుతో పెట్టిన ఎర్రచుక్క దాటే హక్కు. ఇన్నాళ్ళూ "చుక్క దాటొద్దు" అని నేననడం, ఆమె దాటి చూపించడం. దాటనీ. ఆ ఆంప్లిఫయర్‌కి దమ్ముంది, ఆమెకీ ఉంది. నాకొక్కడికే అయిపోయింది.

11. ఈ వీలునామాని పాటల గదిలోనే చదవాలి. నా కూతురు చదవాలి. తల దించుకుని కాగితానికి చెప్పకుండా, అమ్మ కుర్చీకి ఎదురుగా కూర్చుని, పెదాలు కనబడేలా, ఈతకొలను గొంతుతో. ఎవరూ జాలి మొహం పెట్టకూడదు. పెట్టినవాడికి ఈ ఆస్తిలో వాటా లేదు, ఇది హాస్యం కాదు, షరతు. నాలుగో అంశం దగ్గర ఆమె నవ్వితే అందినట్టు. నవ్వకపోతే మళ్ళీ మొదట్నుంచి, ఇంకాస్త పెంచి చదవమ్మా.

తేదీ: మార్చి పదకొండు, మంగళవారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక, హాల్లో బల్ల దగ్గర.

(సంతకం) లిఫ్టు మేస్త్రీ

సాక్షులు: నూనెడబ్బా, వీధి చివర కళ్ళజోళ్ళ కొట్టాయన.

సాక్షుల మాట: ఆయన మా ఎదుట, పూర్తి స్పృహలో సంతకం చేశారు. చివరి అక్షరం వంకర పోయింది. ఇది చెయ్యి వణికి కాదు. అదే క్షణంలో పాటల గదిలో ఆవిడ గుండీ తిప్పారు, బల్ల కదిలింది.