అడుగు వరస

బందరు,
ఆదివారం.

అమ్మకి మణి నమస్కరించి రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? అన్నయ్య చేపల వేటకి వెళ్తున్నాడా? వదినా, అమ్మకి చదివి వినిపించేది నువ్వే కాబట్టి చెప్తున్నాను, ఒక్క ముక్క కూడా మింగకుండా చదువు. నీ సంగతి నాకు తెలుసు.

ఇక్కడ వారంనుంచీ వాన. బట్టలు ఆరడం లేదు. హాస్టల్లో చేప అన్న మాటే వినపడదు, రోజూ నీళ్ళ సాంబారే. అమ్మా, నువ్వు పంపిన ఎండు రొయ్యల డబ్బా సగానికి వచ్చింది, నేను తిన్నది రెండుసార్లే. పక్క మంచం గుడివాడ అమ్మాయి మీద నాకు అనుమానం. ఆ వాసనే పడదంటుంది, మరి డబ్బా ఎక్కడుందో తనకెలా తెలిసిందో. సాయంత్రాలు మాత్రం ఇంటి మీద బెంగగా ఉంటుంది.

అసలు సంగతి చెప్తాను. మా ఎకనామిక్స్ సారు క్లాసులో అందరికీ ఒక ఫారం పంచారు. మూడేళ్ళు చదివి డిగ్రీ పట్టుకుని వెళ్ళిపోవచ్చట. నాలుగో ఏడు కూడా చదివితే ఆనర్స్ అట. మీ ఇష్టం అన్నారు. అంత తేలిగ్గా మీ ఇష్టం అంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. రేవులో గంప కొనేముందు నువ్వు పై వరస చూడవు కదా, అడుగున చెయ్యి పెట్టి ఒక చేపని లాగి మొప్ప ఎత్తి చూస్తావు. నేనూ కోర్సు కాగితం అలాగే తిరగేశాను.

మొదటేడు అన్నీ కొంచెం కొంచెం. తర్వాత ఎకనామిక్స్ మేజరు, లెక్కలు మైనరు. సెలవుల్లో సర్వే, అందుకే కదా పెడన నేతవాళ్ళ ఇళ్ళన్నీ తిరిగాను. నాలుగో ఏట మాత్రం అంతా ఎకనామిక్సే, చివర్లో సొంతంగా ఒక విషయం పరిశీలించి రాయాలి. అంతా బాగానే ఉంది, అదే అనుమానం. సారు దగ్గరికెళ్ళి ఇందులో మాకు చెప్పనిదేంటని అడిగేశాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చాలినంతమంది చేరకపోతే ఇక్కడ నాలుగో ఏడు నడవదట, విజయవాడ వెళ్ళాలట. ముందే చెప్తే ఒక్కరూ చేరరని దాచారట. నా అనుమానం నిజమైనందుకు నాకేం సంతోషం కలగలేదు. తర్వాత, నువ్వైతే దేని మీద రాస్తావని అడిగారు. పడవలన్నీ ఒకేసారి ఒడ్డుకొస్తే వేలంపాటలో ధర ఎందుకు పడిపోతుందో రాస్తాను, మా అమ్మకి అంతా తెలుసు అన్నాను.

"మరి ఇది నాలుగేళ్ళ చదువని మీ అమ్మగారికి తెలుసా?" అన్నారు.

ఫారం మడిచి పుస్తకంలో పెట్టుకుని వచ్చేశాను.

అమ్మా, కొత్తగా విన్నట్టు పైన రాశాను గానీ, ఆనర్స్ అంటే నాలుగేళ్ళని చేరిన రోజే నాకు తెలుసు. నీకు మూడని చెప్పాను. మూడేళ్ళయ్యాక నీ నెత్తి మీద గంప దించేస్తానన్నాను, నువ్వు అందరికీ అదే చెప్పుకుంటున్నావు. నిజం చెప్దామని రెండుసార్లు ఫోన్ చేశాను. నీ గొంతు వినగానే వాన కబుర్లు చెప్పి పెట్టేశాను. నాకు సిగ్గుగా ఉంది.

ఫారం ఇందులోనే పెట్టాను. నీ వేలిముద్ర పడాల్సిన గడి ఖాళీగా ఉంది. నేనే వేసేద్దామని బొటనవేలికి సిరా కూడా రాసుకున్నాను, మళ్ళీ కడిగేసుకున్నాను. నువ్వు వేస్తే చదువుతాను. వెయ్యకపోతే మూడేళ్ళ డిగ్రీతోనే ఈ వేసవికి వచ్చేస్తాను, నీ మీద కోపమేం ఉండదు.

అన్నయ్యకి, ఊళ్ళో పెద్దవాళ్ళకి నా నమస్కారాలు. పాపకి ముద్దులు. నీ చెయ్యి ఎప్పుడూ నా తల మీద ఉండాలి. వదిన చదివాక ఈ ఫారం ఇంకొకరి చేత కూడా చదివించుకో, ఆ తర్వాతే వేలిముద్ర వెయ్యి. నన్ను నమ్మి మాత్రం వెయ్యకు.

నీ కూతురు,
మణి