దేవగన్నేరు కింద డబ్బా

జూలై 7, ఆదివారం

మధ్యాహ్నం చొంపూ అక్క ఇంట్లో భోజనం. అమ్మ రోలు మళ్లీ అడిగాను. అమ్మ పోయి నాలుగేళ్లయింది. ఆ రాతి రోట్లో మిరపకాయలు దంచి, అమ్మి మా ఇద్దరినీ పెంచింది. అది అక్క వంటింట్లో ఉంటే నాకు కడుపు మండదూ?

"ఇస్తానే కుంగ్. ముందు నువ్వు ఒక్క పని మొదలుపెట్టి పూర్తి చెయ్యి," అంది. "ఈత అన్నావు, చైనా భాష అన్నావు, ఉకులేలే అన్నావు. ఉకులేలే మీద ఇప్పుడు తువ్వాళ్లు ఆరేస్తున్నావు."

పోస్టాఫీసులో రిటైరయ్యాక అక్కకు కొత్త పిచ్చి పట్టింది. ఊళ్లో ఎక్కడో చిన్న డబ్బా దాస్తారు, అందులో ఒక పుస్తకం ఉంటుంది. ఫోను సుమారుగా చోటు చూపిస్తుంది. వెతికి పట్టుకుని, పేరు రాసి, మళ్లీ అక్కడే పెట్టాలి. చుట్టుపక్కల వాళ్లకు తెలియకూడదు. మా దేశాన్నేలిన ఐదో రామ మహారాజు విగ్రహం దగ్గర తనే ఒకటి దాచిందట.

"పది రోజులు. నన్ను అడగకూడదు. ఎవరికీ అబద్ధం చెప్పకూడదు. పేరు రాస్తే రోలు నీది."

పది రోజులా! నాకు మూడు చాలు!!

జూలై 8, సోమవారం

ఉదయం 5.50. విగ్రహం దగ్గరికి చేరాను. గాలి చల్లగా ఉంది. గెలుపు ఖాయం.

6.05. ఫోను గద్దె వైపు కాదు, ఇరవై అడుగుల అవతల దేవగన్నేరు చెట్టు చూపిస్తోంది. బెంచీ కింద చూశాను. లేదు. కాలువ మూత సందులో చూశాను. బొద్దింక.

6.20. చేతులూ మోకాళ్లూ నేలకానించి వేళ్ల మధ్య తడుముతున్నాను. వెనకాల గొంతు. గులాబీలమ్మే లమ్యై పిన్ని.

"ఏం అమ్మాయ్, రాజు ముందు నేలమీద పాకడాలు మానెయ్యమని ఈ మహారాజు ఆజ్ఞ వేసి నూట యాభై ఏళ్లు దాటింది. నీకింకా కబురు అందలేదా?"

"చెవిపోగు పడిపోయింది పిన్నీ."

చిన్న అబద్ధమే. లెక్కలోకి రాదు.

జూలై 9, మంగళవారం

బుద్ధిలేనిదాన్ని! మహారాజు పుట్టింది మంగళవారమని, వారం వారం పూజ చేస్తారని మరిచిపోయాను. ఊరంతా అక్కడే. గులాబీరంగు పూలు, మహారాజుకిష్టమని విస్కీ, చుట్టలు, అగరువత్తుల పొగ.

లమ్యై పిన్ని అందరికీ చెప్పేసింది. ఎనిమిది మంది ఆడవాళ్లు నా చెవిపోగు వెతికారు. దొరికింది కూడా! ఎవరిదో, పచ్చరాయిది. చచ్చినట్టు పెట్టుకుని, "ఇదే, ఇదే" అని కళ్లు తుడుచుకున్నాను.

అబద్ధాలు రెండు. రేపటి నుంచి నిజమే.

జూలై 10, బుధవారం

వాన. నా కుట్టు కొట్లో బడి యూనిఫాములు పదిహేను కుట్టాలి. మధ్యాహ్నం వెళ్లాను.

పాకితే అనుమానం. అందుకని చెట్టు ముందు చేతులు జోడించి, కళ్లు సగం మూసి, మొదలంతా వెతికాను. వేరు కింద తొర్ర కనిపించింది! చెయ్యి పెట్టబోయాను.

"ఎవరికమ్మా మొక్కుతున్నావు?" లమ్యై పిన్ని. ఈవిడకు ఇల్లూ వాకిలీ లేవా!

నోటికొచ్చింది అనేశాను. "కల్లో ఒకావిడ కనిపించింది పిన్నీ. ఈ చెట్టులోనే ఉంటానంది."

జూలై 11, గురువారం

6.00. చెట్టుకు మూడు రంగుల పట్టు గుడ్డలు చుట్టి ఉన్నాయి. ముందు చెట్టులో ఆవిడకు నైవేద్యంగా ఎర్ర సోడా సీసా, అందులో స్ట్రా.

నా నోరు పడిపోను!

జూలై 12, శుక్రవారం

తలనొప్పి. వెళ్లలేదు. దురియన్ పండు మూడు తొనలు తిన్నాను. దానివల్ల వేడి చేసింది కాబట్టి రేపు కూడా వెళ్లకపోవడమే ఆరోగ్యం.

జూలై 13, శనివారం

వెళ్లాను. వెళ్లకుండా ఉండాల్సింది.

చెట్టు కొమ్మకు పట్టు చీరలాంటి దుస్తులు మూడు జతలు వేలాడుతున్నాయి. లాటరీ మంగళవారమే కదా, నంబరు కనిపిస్తుందేమోనని జనం బెరడుకు పౌడరు రుద్దుతున్నారు. రుద్దుతూ రుద్దుతూ ఒకాయన చెయ్యి తొర్రలో పెట్టాడు. డబ్బా తీశాడు!

నా డబ్బా!

పుస్తకం తెరిచాడు. మొదటి పేజీలో నాలుగంకెలు. "రెండు, నాలుగు, ఎనిమిది, ఒకటి!" అని అరిచాడు. ఆ కేకకి పావురాలన్నీ లేచిపోయాయి. డబ్బాను పూలపళ్లెంలో పెట్టి అందరూ దణ్ణం పెట్టారు. దాన్ని ముట్టుకుని పేరు రాస్తే నన్ను బతకనిస్తారా?

సాయంత్రం 5.00. ఇక ఆగలేక అక్కకు ఫోను చేశాను. "నువ్వొచ్చి డబ్బా నీదని చెప్పవే!"

"అడిగావు! అడిగేశావు!" అని ఐదు నిమిషాలు నవ్వింది. తర్వాత, "ఏ నంబరన్నారు?"

"2481."

నవ్వు ఆగింది. "బుద్ధ శకంలో అమ్మ పుట్టిన సంవత్సరమే. నువ్వు చూస్తావని రాశాను."

నాకెందుకు తట్టలేదు! అమ్మ మీద బెంగతో నాకు ఏడుపొచ్చింది.

"ఏమే," అంది అక్క. "ఆ నంబరు టికెట్లు ఇంకా మిగిలున్నాయంటావా?"

జూలై 14, 15

ఏమీ రాయను. ఒక్క పనైనా పూర్తి చెయ్యాలన్న తీర్మానం చచ్చింది.

జూలై 16, మంగళవారం

మధ్యాహ్నం లాటరీ తీశారు. చివరి రెండంకెల బహుమతి 81కి!!!

ఊళ్లో సగం మందికి తగిలింది. నాకూ, అక్కకూ. లమ్యై పిన్ని చెట్టుకు రేకుల పందిరి వేయిస్తానని మొక్కింది.

జూలై 17, బుధవారం. ఆఖరి రోజు

తలుపు తీస్తే గుమ్మంలో లమ్యై పిన్ని, వెనక ముప్పై మంది. "కల కన్న అమ్మాయివి నువ్వే. డబ్బా నువ్వే తెరవాలి, వచ్చే నంబరు నువ్వే చెప్పాలి."

తెరిచాను. రాశాను: కుంగ్. 17 జూలై.

"కుంగ్ అంటే రొయ్య!" అని ఎవరో అరిచారు. "రొయ్యకు ఏ నంబరో స్వప్నాల పుస్తకంలో చూడండి!"

అక్కడ్నుంచి నేరుగా అక్క ఇంటికి పరుగెత్తాను. "పేరు రాశాను. పూర్తి చేశాను. రోలు ఇవ్వు."

"నన్ను అడిగావు. ఊరంతటికీ అబద్ధం చెప్పావు. డబ్బా తీసింది ఎవరో. చెల్లదు."

"చెల్లకపోతే మానె! నువ్వు ఇవ్వదలుచుకోలేదు, అదీ అసలు సంగతి!" నాకు నిజంగానే కోపం వచ్చింది.

అక్క రోలు ముందు కూలబడింది. "అవును, ఇవ్వదలుచుకోలేదు. ఇచ్చేస్తే ఆదివారాలు నువ్వు ఇంకెందుకొస్తావే? నాలుగేళ్లుగా నువ్వొచ్చేది దీన్ని అడగడానికే కదా."

రోకలి తీసుకుని మిరపకాయలు దంచాను. అక్క వెల్లుల్లి ఒలిచింది.

వచ్చేటప్పుడు చెప్పింది, రైల్వే స్టేషన్ దగ్గర ఇంకో డబ్బా దాచిందట. "మళ్లీ పది రోజులు. ఈసారి నిజంగా."

జూలై 18, గురువారం. కొత్త తీర్మానం, మొదటి రోజు

6.00. స్టేషన్ చేరాను.

6.04. డబ్బా కనిపించింది. గడియారం స్తంభం వెనక, ఎదురుగానే ఉంది.

6.05. చూడనట్టు బెంచీ మీద కూర్చుని టీ తాగాను.

ఆదివారం వెళ్లి అక్కతో చెప్పాలి, ఎంత వెతికినా దొరకలేదని.